సగం న్యూట్రాన్ ఉంటదా మేడం?

ఈసారి ఉత్తరం పదో తరగతి అమ్మాయి రాసింది. పేరు వేయొద్దంది, వేయడం లేదు. వరంగల్ పక్కనే ఊరు, వాళ్ల నాన్న ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ.

"మేడం, న్యూట్రాన్లు ఎన్నో తెల్వాలంటే ద్రవ్యరాశి సంఖ్యలకెళ్లి పరమాణు సంఖ్య తీసెయ్యమని చెప్పిన్రు. సోడియం చేసిన, 23లకెళ్లి 11 పోతే 12, కరెక్టే వచ్చింది. క్లోరిన్‌కు ఆవర్తన పట్టికల 35.5 ఉంది. అందులకెళ్లి 17 తీస్తే 18.5 వస్తున్నది. సగం న్యూట్రాన్ ఉంటదా మేడం? మా సారును అడిగితే 'దగ్గరి అంకె వేసుకో, పరీక్షల గంత లోతుకు అడగరు' అన్నడు. 35.5కు దగ్గరి అంకె 35 ఆ, 36 ఆ? ఐసోటోపులు, ఐసోబార్లు, అయాన్లు మూడూ కలిసిపోతున్నయి, రేపు పరీక్ష అంటే టెన్షన్ అయితున్నది. ఇంకొకటి. మా మేనమామ అశ్వాపురం భారజల కర్మాగారంల కాంట్రాక్టు పని చేస్తడు. అండ్ల హైడ్రోజన్ ఐసోటోపు తయారైతది, ఐసోటోపు అంటే రేడియేషనే అని మా అమ్మమ్మకు చెప్పిన. అప్పటిసంది ఆమె ఒకటే ఏడుపు. నేను చెప్పింది తప్పా?"

బిడ్డా, ముందు అమ్మమ్మ ఏడుపు ఆపు. భారజలంలో ఉండే హైడ్రోజన్‌కు రేడియేషన్ లేదు. ఈ ముక్క ఇవాళే చెప్పెయ్, ఎందుకో కిందికి వచ్చాక రాస్తాను.

సగం న్యూట్రాన్ ఉండదు. నీ తీసివేత తప్పు కాదు, సూత్రమూ తప్పు కాదు, నువ్వు తెచ్చి పెట్టిన అంకె మాత్రం వేరే చోటిది. ద్రవ్యరాశి సంఖ్య అంటే ఒక్క పరమాణువును పట్టుకుని, దాని కేంద్రకంలో ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపి ఎన్ని ఉన్నాయో తలకాయలు లెక్కపెట్టడం. తలకాయల లెక్కలో అర రాదు. పట్టికలో ఉన్న 35.5 అలా లెక్కపెట్టింది కాదు, అది సగటు. అంత బరువున్న క్లోరిన్ పరమాణువు ఈ భూమ్మీద ఎక్కడా ఒక్కటి కూడా దొరకదు.

ఇది మీ నాన్నకు నాకంటే బాగా అర్థమవుతుంది. మిర్చి సీజన్‌లో ఎనుమాములకు ఎప్పుడు పోయినా నాకు తుమ్ములే తప్ప ఇంకేం గుర్తుండదు కానీ, ఒకసారి కాంటా పక్కన నిలబడి చూశాను. ఒకాయన బస్తా భుజం మీదికి ఎత్తుకున్నాడు, రెండడుగులు వేశాడు, కాంటా మీద దించకముందే "ఇది ఎక్కువుంది" అన్నాడు. పక్క బస్తాకూ దానికీ చూపుకు తేడా లేదు. అదే గోనె, అదే తేజ రకం, అదే ఎరుపు. దించితే నిజంగానే రెండు కిలోలు ఎక్కువ తూగింది. చూపుకు తెలియనిది భుజానికి తెలిసింది.

ఇప్పుడు ఒక లాట్‌లో 100 బస్తాలు ఉన్నాయనుకో, అన్నీ తేజ రకమే. 75 బస్తాలు 35 కిలోల చొప్పున, 25 బస్తాలు 37 కిలోల చొప్పున తూగాయి. 75 ముప్పై అయిదులు 2625. 25 ముప్పై ఏడులు 925. మొత్తం 3550 కిలోలు. సగటు బస్తా 35.5. తక్‌పట్టీ (మార్కెట్‌లో ఇచ్చే లెక్క చీటీ) మీద సగటు అని రాయమంటే 35.5 అనే రాస్తారు, అందులో అబద్ధం లేదు. కానీ ఆ లాట్ అంతా తిరగేసినా 35.5 కిలోల బస్తా ఒక్కటి చూపించమను, లేదు. క్లోరిన్ కథ అచ్చంగా ఇంతే, అంకెలతో సహా. ప్రకృతిలో దొరికే క్లోరిన్‌లో నూటికి దాదాపు 76 పరమాణువులు 35 బరువువి, మిగతా 24 చిల్లర 37 బరువువి. మొదటి రకంలో 18 న్యూట్రాన్లు, రెండో రకంలో 20. నీకు వచ్చిన 18.5 కూడా వట్టి చెత్త కాదు, అది ఈ 18కీ 20కీ సగటు, 18 వైపు ఒరిగిన సగటు. ఎందుకు ఒరిగింది? ఆ రకం బస్తాలు ఎక్కువ కాబట్టి.

మరి సోడియానికి ఎందుకు సరిగ్గా వచ్చింది? ప్రకృతిలో సోడియం ఒకటే రకం, అన్నీ 23లే. బస్తాలన్నీ ఒకే తూకం అయితే సగటు చూసినా ఒకటే, విడి బస్తా చూసినా ఒకటే. ఫ్లోరిన్, అల్యూమినియం, ఫాస్ఫరస్, బంగారం కూడా ఇలాంటివే. బడి లెక్కల్లో ముందుగా ఇచ్చేవి ఎక్కువగా ఇవే కాబట్టి పిల్లలకు ఆ తీసివేత ఎప్పుడూ పనిచేస్తుందని నమ్మకం కుదురుతుంది, క్లోరిన్ దగ్గరకొచ్చి బోర్లా పడతారు. సోడియం 22.99 అని ఉంటుంది కదా, 23 ఎందుకు కాదు అని మళ్లీ ఉత్తరం రాస్తావేమో, దానికి కారణం వేరు, కేంద్రకంలో కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నప్పుడు పిసరంత ద్రవ్యరాశి శక్తిగా పోతుంది, అది ఇంటర్ దాటాక చదువుకో.

ఇక దగ్గరి అంకె వేసుకునే చిట్కా. మీ సారును నేనేమీ అనను, ఎందుకంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడేళ్లు నేనూ అదే చెప్పాను. సిలబస్ తరుముతుంటే చిట్కాలు తియ్యగా ఉంటాయి. ఒకరోజు వెనక బెంచీ పిల్లాడొకడు బ్రోమిన్‌కు న్యూట్రాన్లు 45 అని బోర్డు మీద రాశాడు. పట్టికలో 79.9 ఉంది, దగ్గరి అంకె 80, అందులోంచి 35 తీస్తే 45, శభాష్ అన్నాను. ఇంటికొచ్చి ఎందుకో అనుమానమొచ్చి పెద్ద పుస్తకం తిరగేస్తే గుండె జారింది. ప్రకృతిలో బ్రోమిన్-80 అనేదే లేదు! ఉన్నవి రెండే రకాలు, 79 ఒకటి, 81 ఒకటి, ఇంచుమించు సగం సగం. వాటిలో న్యూట్రాన్లు 44 లేదా 46. నేను శభాష్ అన్న 45 న్యూట్రాన్ల బ్రోమిన్‌ను ప్రయోగశాలలో తయారుచేస్తే పావుగంట పైచిలుకులో సగం విడిపోతుంది. సగటుకు దగ్గరి అంకె వేసుకుని, లేని పరమాణువును బోర్డు మీద పుట్టించాం ఇద్దరం కలిసి. మర్నాడు క్లాసులో తప్పు ఒప్పుకున్నాను, వాడు మాత్రం నెల రోజులు నన్ను చూసి నవ్వాడు.

అందుకని 35.5ను 35 చేయాలా 36 చేయాలా అని అడగకు, రెండూ చేయొద్దు. ప్రశ్నలో క్లోరిన్-35 అని ఇస్తే 35లోంచి తీసెయ్, 18. క్లోరిన్-37 అని ఇస్తే 20. గుర్తుకు పైన ఒక అంకె, కింద ఒక అంకె ఇస్తే పైది ద్రవ్యరాశి సంఖ్య, కిందిది పరమాణు సంఖ్య. ఊరికే క్లోరిన్ అని అడిగి 35.5 ఇస్తే, "ఇది సగటు పరమాణు ద్రవ్యరాశి, క్లోరిన్‌కు 18, 20 న్యూట్రాన్లున్న రెండు ఐసోటోపులు ఉన్నాయి" అని రాయి. పేపరు దిద్దేవాళ్లు ఆ వాక్యం చూసి మార్కు కోస్తే నాకు చెప్పు.

మూడు పేర్లు కలిసిపోతున్నాయన్నావు. బస్తా దగ్గరే ఉందాం. బస్తా మీద రకం పేరు ఉంటుంది, తేజ అనో, వండర్ హాట్ అనో, మన వరంగల్ చపాటా అనో. ఆ రకం పేరే ప్రోటాన్ల సంఖ్య. 17 ప్రోటాన్లుంటే క్లోరిన్. ఒకటి తగ్గి 16 అయితే అది బక్క క్లోరిన్ కాదు, గంధకం, పసుపుపచ్చ పొడి. ఒకటి పెరిగి 18 అయితే ఆర్గాన్, బల్బుల్లో నింపే వాయువు. రకమే మారిపోతుంది. న్యూట్రాన్ అంటే మిర్చిలో తేమ లాంటిదనుకో. తేమ ఎక్కువైతే బస్తా బరువెక్కుతుంది కానీ తేజ తేజగానే ఉంటుంది, చపాటా అయిపోదు. ఒకే రకం, వేర్వేరు తూకం, ఇవి ఐసోటోపులు. ఇప్పుడు ఒక తేజ బస్తా, ఒక చపాటా బస్తా కాంటా మీద పెడితే రెండూ 40 కిలోలే తూగాయనుకో. తూకం ఒకటే, రకాలు వేరు. అవి ఐసోబార్లు. ఆర్గాన్‌లోనూ 40 ఉంది, పొటాషియంలోనూ 40 ఉంది, కాల్షియంలోనూ 40 ఉంది. తూకం సమానమని ఆర్గాన్ తెచ్చి సున్నంలో కలపలేం కదా.

అయాన్ ఈ లెక్కలోకే రాదు, అది ఎలక్ట్రాన్లు పెరిగిన లేదా తగ్గిన పరమాణువు, అంతే. ఎలక్ట్రాన్లు బస్తా బయట చుట్టిన పురికొస లాంటివి, కాంటాకు తెలియదు. దాదాపు 1836 ఎలక్ట్రాన్లు కలిస్తే గానీ ఒక్క ప్రోటాన్ బరువు తూగదు. క్లోరిన్‌లో ఉన్నవి 17, వాటి బరువు ఎవరు చూస్తారు? కానీ బరువు లేకపోయినా వ్యవహారం అంతా వాటిదే, పక్క పరమాణువుతో మాట్లాడేది అవే. 2, 8, 7 అని సర్దుకుని కూర్చున్నాయి, చివరి వరుసలో ఎనిమిదికి ఒకటి తక్కువ, ఆ ఒక్కదాని కోసమే క్లోరిన్ ఎగబడుతుంది. సోడియం దగ్గర ఒకటి లాక్కుంటే అది క్లోరైడ్ అయాన్. క్లోరిన్-35లోనూ ఇదే 2, 8, 7, క్లోరిన్-37లోనూ ఇదే. అందుకే రసాయన గుణాలు రెండింటికీ ఒకటే. ఇవాళ మీ అమ్మ పచ్చిపులుసులో వేసిన ఉప్పులో నాలుగు క్లోరిన్లకు ఒకటి చొప్పున బరువు రకమే ఉంది, నాలుకకు ఏమైనా తేడా తెలిసిందా?

(తేమ పోలికను మరీ దూరం లాగకు. తేమ పనికిరానిది, న్యూట్రాన్ అలా కాదు, దాని పని దానికుంది. అది కింద చెప్తాను.)

ఈ తికమక నీ ఒక్కదానిది కాదని చెప్పడానికి ఒక పని చేయిస్తాను. పట్టిక తెరిచి 18, 19 గడులు చూడు. ఆర్గాన్ 39.9, పొటాషియం 39.1. గడి ముందుకు పోయింది, బరువు వెనక్కి వచ్చింది. మూలకాలను బరువు వరసలో పేర్చుకుంటూ వచ్చినవాళ్లకు ఇది గొంతులో ముల్లు. అలా అని ఆర్గాన్‌ను తీసి పొటాషియం చోట పెడితే, ఎవరితోనూ కలవని వాయువు వచ్చి నీళ్లలో వేస్తే భగ్గుమనే లోహాల పక్కన కూర్చుంటుంది. 1913లో హెన్రీ మోస్లే అనే కుర్రాడు ఎక్స్-కిరణాలతో కొలిచి, వరసను నడిపించేది బరువు కాదు, కేంద్రకంలో ఉన్న ధనావేశం అని తేల్చాడు. అదే మనం పరమాణు సంఖ్య అంటున్నది. రెండేళ్లకే మొదటి ప్రపంచ యుద్ధంలో, గలిపోలీలో తూటా తగిలి చనిపోయాడు, అప్పటికి 27 ఏళ్లు. ఆర్గాన్ ఎందుకు బరువంటావా, దానిలో దాదాపు అన్నీ 40 బస్తాలే, పొటాషియంలో నూటికి 93 పైగా 39 బస్తాలు. రకం ముందుదే, లాట్‌లో తూకం ఎక్కువవి పడ్డాయి, అంతే కిటుకు.

ఐసోటోపు అనే మాట కూడా 1913దే. ఫ్రెడరిక్ సాడీ అనే ఆయన, రేడియోధార్మిక పదార్థాల్లో కొన్ని బరువు తేడా ఉన్నా రసాయనికంగా విడదీయలేకపోతున్నామని గమనించాడు, వాటిని ఏమని పిలవాలో తోచలేదు. మార్గరెట్ టాడ్ అనే డాక్టరమ్మ గ్రీకులోంచి ఈ మాట అందించింది. ఐసో అంటే అదే, టోపోస్ అంటే చోటు. పట్టికలో ఒకే గడిలో కూర్చునేవి. మన పాత తెలుగు పుస్తకాల్లో సమస్థానీయాలు అనేవాళ్లు, నన్నడిగితే ఐసోటోపు కంటే ఆ మాటే నయం, అర్థం పేరులోనే ఉంది. ఐసోబార్‌లో బారోస్ అంటే బరువు. ఈ రెండు ముక్కలు పట్టుకుంటే పరీక్ష హాల్లో కూడా జారిపోవు. సాడీ ఆ పేరు పెట్టేనాటికి న్యూట్రాన్ అనేది ఒకటుందని ఎవరికీ తెలియదు సుమా. జేమ్స్ చాడ్విక్ దాన్ని కనిపెట్టింది 1932లో. అంటే పేరు పెట్టాక 19 ఏళ్ల దాకా ఆ అదనపు బరువు ఎక్కడిదో మహామహులకే అంతుబట్టలేదు. నువ్వు వారం రోజులకే కంగారు పడుతున్నావు.

పరమాణువు బొమ్మ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే పుస్తకంలో బొమ్మ చూసి కేంద్రకం ఎంతో పెద్దదనుకుంటారు. ఖిలా వరంగల్ ఎప్పుడో పోయే ఉంటావు. లోపల నాలుగు కీర్తి తోరణాల నడుమ, ఆ శిథిలాల మధ్య నేల మీద ఒక గోలీ పెట్టు. అది కేంద్రకం. అప్పుడు ఎలక్ట్రాన్లు తిరిగే చోటు ఎంత దూరమంటే, చుట్టూ గుండ్రంగా రాతికోట గోడ ఉంది చూడు, ఒక వైపు నుంచి ఆ వైపుకు కిలోమీటరు పైచిలుకు, ఇంచుమించు అక్కడి దాకా. మధ్యలో ఏమీ లేదు. కోటంత ఖాళీ. బరువంతా గోలీలో. 1911లో రూథర్‌ఫర్డ్ చెప్పింది ఇదే. పలుచటి బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలు, అంటే ధనావేశమున్న చిన్న కణాలు, వదిలితే చాలావరకు అడ్డమే లేనట్టు దూసుకుపోయాయి, ఎక్కడో వేలల్లో ఒకటి వెనక్కి తన్నుకొచ్చింది. కోట మీదికి కళ్లుమూసుకుని రాళ్లు విసిరితే ఎన్ని ఆ గోలీకి తగులుతాయి?

ఆ గోలీలో ప్రోటాన్లన్నీ ధనావేశంతో కిక్కిరిసి ఉంటాయి, ఒకదాన్నొకటి తోసుకుంటాయి. పండగకు ముందు హన్మకొండ బస్టాండులో బస్సు ఎక్కే జనంలాగా. అవి విడిపోకుండా దగ్గర పట్టి ఉంచే బలం వేరే ఉంది, దానికి న్యూట్రాన్లు తోడు. తోసుకోవు, పట్టుకుంటాయి. అందుకే ప్రోటాన్లు పెరిగేకొద్దీ న్యూట్రాన్లు ఇంకా ఎక్కువ కావాలి. కాల్షియం-40లో 20కి 20 సరిపోయాయి, సీసం-208కి వచ్చేసరికి 82 ప్రోటాన్లకు 126 న్యూట్రాన్లు. ఈ పాళ్లు కుదిరితే కేంద్రకం ఎన్ని కోట్ల ఏళ్లైనా కదలదు. ఎక్కువైనా తక్కువైనా అది నిలవదు, ఏదో ఒకటి బయటికి విసిరేసి సర్దుకుంటుంది. ఆ విసిరేయడమే రేడియోధార్మికత. అర్థమైందా ఇప్పుడు, ఐసోటోపు అనగానే రేడియేషన్ కాదు. నువ్వు తినే ఉప్పులో ఉన్న రెండు క్లోరిన్లూ ఐసోటోపులే, రెండూ ఏ గొడవా లేకుండా కూర్చున్నవే. తగరానికి అలా స్థిరంగా ఉండే ఐసోటోపులు 10 ఉన్నాయి, అంత పెద్ద సంసారం ఇంకే మూలకానికీ లేదు. సీసం, బిస్మత్ దాటి యురేనియం వైపు పోతే మాత్రం ఒక్కటీ నిలిచేది ఉండదు.

ఇక మీ మేనమామ దగ్గరికి. హైడ్రోజన్‌కు మూడు రకాలు. మామూలుదానిలో ఒక్క ప్రోటాన్ ఉంటుంది, న్యూట్రాన్ లేనే లేదు. రెండోది డ్యుటీరియం, ఒక న్యూట్రాన్ తోడైంది. హెరాల్డ్ యూరే దాన్ని 1931లో కనిపెట్టి 1934లో నోబెల్ తీసుకున్నాడు. మూడోది ట్రిటియం, రెండు న్యూట్రాన్లు. రేడియోధార్మికత ఉన్నది ఈ మూడోదానికి మాత్రమే. భారజలంలో ఉండేది రెండోది, డ్యుటీరియం, స్థిరమైనది. అది అశ్వాపురంలో పుట్టించేది కూడా కాదు. గోదావరి నీళ్లలో, మీ ఇంటి బిందెలో, నీ కన్నీళ్లలో ఎప్పటినుంచో ఉంది, ఆరేడు వేల హైడ్రోజన్లకు ఒకటి చొప్పున. కర్మాగారం చేసేది ఏరడం, వడ్లలోంచి రాయి ఏరినట్టు. మణుగూరు దగ్గరి ఆ కర్మాగారంలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువునూ నీళ్లనూ చల్లగా ఒకచోట, వేడిగా ఒకచోట కలిపి, డ్యుటీరియాన్ని నీళ్లవైపు పోగేస్తారు. అణు విద్యుత్ రియాక్టర్లలో న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి ఆ నీళ్లు కావాలి.

అమ్మమ్మకు నిజం చెప్పాలంటే పూర్తిగా చెప్పు. అక్కడ రేడియేషన్ కాదు భయం, ఆ హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే విషవాయువు, ఎక్కువ మోతాదులో ముక్కుకు వాసన కూడా తెలియకుండా చేస్తుంది. అందుకని మామయ్యను అడగాల్సింది మాస్క్ ఇచ్చారా, గ్యాస్ లీకైతే ఎటు పరుగెత్తాలో చెప్పారా, సైరన్ మోగితే కాంట్రాక్టు వాళ్లకు కూడా డ్రిల్లు చేయిస్తున్నారా అని. ఏడవడం కంటే ఈ మూడు ప్రశ్నలు ఉపయోగం.

ఇంకో విశేషం, చెప్పకుండా ఉండలేను. ఐసోటోపుల రసాయన గుణాలు ఒకటే అన్నాను కదా, హైడ్రోజన్ దగ్గర ఆ మాట కాస్త వంగుతుంది. 35 పక్కన 37 పెద్ద తేడా కాదు, 1 పక్కన 2 అంటే రెట్టింపు. అందుకే భారజలం మామూలు నీళ్లకంటే పదోవంతు పైగా బరువు, 101.4 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఇంచుమించు 4 డిగ్రీలకే గడ్డకడుతుంది. ఆ ఐసు ముక్కను మన గ్లాసు నీళ్లలో వేస్తే తేలదు, రాయిలా మునుగుతుంది. ఒక గుక్క తాగితే ఏమీ కాదు. ఒంట్లో నీళ్లలో పెద్ద వాటా అదే అయితే మాత్రం కణాల పని దెబ్బతింటుంది, రసాయన చర్యల వేగం మారుతుంది కాబట్టి.

కార్బన్-14 గురించి నువ్వు అడగలేదు, పరీక్షలో అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. మామూలు కార్బన్‌లో 6 ప్రోటాన్లు 6 న్యూట్రాన్లు, దీనిలో 8 న్యూట్రాన్లు, నిలవదు. 5730 ఏళ్లకు సగం పోతుంది. చెట్టు బతికున్నంతకాలం గాలిలోంచి కొత్తది తీసుకుంటుంది, చచ్చాక ఉన్నది తరుగుతూ పోతుంది, ఎంత తరిగిందో చూసి వయసు చెప్తారు. ఏటా ఎవరో ఒకరు వేయిస్తంభాల గుడి వయసు ఇలాగే చెప్పారా అని అడుగుతారు. లేదమ్మా, రాయి ఎప్పుడు ఊపిరి పీల్చింది కనుక? ఆ గుడి 1163 నాటిదని అక్కడి శాసనం చెప్పింది. కట్టెకు, బొగ్గుకు, ఎముకకు పనికొస్తుంది ఈ లెక్క, నల్లరాతికి కాదు.

చివరగా నీకు కాదు, మీ నాన్నకు ఒక లెక్క. కాగితం పెన్ను ఇవ్వకు, రాత్రి అన్నం తినేటప్పుడు అడుగు. "100 బస్తాలున్నయి నాన్న, కొన్ని 10 కిలోలవి, కొన్ని 11 కిలోలవి. మొత్తం తూకం 1080 వచ్చింది. 11 కిలోలవి ఎన్ని?" ఆయన ఎక్స్ అనుకోడు, వై అనుకోడు. అన్నీ పదులే అయితే వెయ్యి రావాలి, పైన 80 వచ్చింది, ఒక్కో పెద్ద బస్తా ఒక్క కిలో పెంచుతుంది అని వేళ్ల మీద చెప్పేస్తాడు. ఆయన చెప్పిన జవాబు పట్టుకుని పట్టికలో 5వ గడి, బోరాన్ దగ్గరికి పో. అక్కడ 10.8 రాసి ఉంటుంది. బోరాన్‌కు 10, 11 అని రెండే రకాలు. మీ నాన్న చెప్పిన అంకె బోరాన్-11 శాతం. అదే పద్ధతిలో క్లోరిన్ నువ్వు చెయ్, అక్కడ పెద్ద బస్తా ఒకటి కాదు, రెండు కిలోలు పెంచుతుంది, అది మర్చిపోకు. నాన్న ఎంతసేపట్లో చెప్పాడో నాకు రాయి.